మిరపకాయల మధ్య పుస్తకాలు

బడికి వెళ్లని నాకు నాన్న ఇంట్లోనే చదువు చెప్పారు, గుంటూరులో మేమున్న వీధి గ్రంథాలయం నుంచి తెచ్చిన పుస్తకాలతో. ఇన్నేళ్లకు విజయనగరం నుంచి వచ్చి చూస్తే దాని తలుపుకు తాళం, పైకప్పు సగం కూలి ఉంది. ప్రభువా, పుస్తకాలు ఏమయ్యాయో!

ఎదురింటి అరుగు మీద మిరపకాయల తొడిమలు తీస్తున్న పెద్దావిడను అడిగాను.

“లైబ్రరీయా? ఒక బీరువా మా ఇంట్లోనే ఉందమ్మా. మిగతావి వీధిలో తలా ఒకరు పెట్టుకున్నాం. అసలు మొదలెట్టింది మా మామగారి హయాంలో, ఈ అరుగు మీదే. తర్వాత అద్దె గది, ఆనక ఆ బిల్డింగు. కప్పు పడ్డాక మళ్లీ మా ఇళ్లకే వచ్చింది.”

లోపలికి తీసుకెళ్లి బీరువా తెరిచింది. పురుగు పట్టకుండా పుస్తకాల మధ్య ఎండుమిరపకాయలు పెట్టారు. తుమ్ములు ఆగలేదు నాకు. ఆవిడ ఒకటే నవ్వు.

“మళ్లీ కట్టకపోతే ఎలాగండీ?” నా భయం నాది.

“కడితే ఇచ్చేస్తాం. లేదంటే మా కోడలు చదువుతుంది, నేను వింటా. ఇదిగో, పట్టుకెళ్తే మాత్రం తెచ్చియ్యాలి.”

“మాది చాలా దూరమండి.”

“అయితే ఇక్కడే కూర్చుని చదువు. గట్టిగా చదువు, నాకూ వినపడాలి.”

దేవునికి స్తోత్రం చెప్పుకుని, ఒక పుస్తకంతో అరుగు మీద కూర్చుని, ఎదురుగా కూలిన కప్పు వైపు చూడకుండా, నాన్న ముందు చదివినట్టే గొంతెత్తి మొదలుపెట్టాను.