మైదా పెట్టిన పేజీలు

ఆ రోజుల్లో మూసాపేట దాటితే రాళ్లూ గడ్డీ తప్ప ఏమీ ఉండేవి కావు; నోరున్న ఆడపిల్లకి వాదించడానికి మనుషులు దొరకడమే గగనం. (నాన్న నాతో పడలేక డ్యూటీకి ముందుగానే వెళ్లిపోయేవారు.) డెబ్బైల మొదట్లో, నేను బి.ఏ. చదువుతుండగా, మా కాలనీ గ్రంథాలయంలో మధ్యాహ్నం ఒక గంట ఆడవాళ్లకని కేటాయించారు. అందరూ బియ్యం చాటలతో వచ్చి రాళ్లేరుకుంటూ వినేవారు, నేను కథలు పైకి చదివేదాన్ని.

ఒకరోజు పేరుమోసిన పాత కథ ఒకటి అందుకున్నాను. అందులో ఒక పెద్దమనిషి భార్య మరొకరితో వెళ్లిపోతుంది. సరిగ్గా ఎందుకు వెళ్లిందో చెప్పేచోట రెండు ఆకులు అంటుకుపోయి ఉన్నాయి. గ్రంథాలయ సెక్రటరీ, మేమంతా బాబాయిగారనే ఆయన, అసభ్యంగా ఉందని మైదాతో అంటించేశారట. ఇంకేముంది, చాటలు పక్కన పడ్డాయి. ఆవిడ బరితెగించిందని సగంమంది, కారణం లేకుండా ఏ ఆడదీ గడప దాటదని సగంమంది. ఆ గోలకి బాబాయిగారు వచ్చి, ఇలా చెడిపోతారనే భయపడ్డాను, ఆదివారం గ్రంథాలయం మీటింగులో ఈ గంట ఎత్తేయిస్తానన్నారు.

ఆ పుస్తకం ఇంటికి తీసుకెళ్లి ఎసరు మీద ఆవిరి పట్టించాను. (అమ్మ బియ్యం పోయబోతే గిన్నెలో నీళ్లు లేవు. ఆ తిట్లు వేరే కథ.) ఆకులు విడిపోయాయి. చూద్దును కదా, అందులో భార్య ఊసే లేదు! భర్తగారు పక్కవీధిలో నడిపిన రెండో కాపురం వివరంగా ఉంది.

ఆదివారం మీటింగులో లేచి నిలబడి అదంతా చదివేశాను.

"చూడమ్మా, అలాంటివి ఆడవాళ్ల కంట పడకూడదనే కదా," అన్నారు బాబాయిగారు, కండువాతో మొహం తుడుచుకుంటూ.

"మరి ఆవిడ వెళ్లిపోవడం కంట పడచ్చాండీ?" అన్నాను.

వెనకనుంచి మా ఇంటి ఓనరమ్మ లేచింది. "మొగడు తిరిగిన కాడ మైదా పెడ్తిరి, పెండ్లాం పోయిన కాడ మీటింగ్ పెడ్తిరి. గిదేం న్యాయం సారూ?"

ముందు నవ్వింది బాబాయిగారి భార్యే. గంట నిలిచింది. కథలో ఆవిడ వెళ్లడం తప్పా ఒప్పా అని ఆ తర్వాత నెలల తరబడి కొట్టుకున్నాం, తేలలేదు. కాకపోతే ఈసారి ఇద్దరి తప్పులూ ఎదురుగా పెట్టుకుని.

మొన్న, ఆ రాళ్లగుట్టల మీద లేచిన అద్దాల మేడలో ఉద్యోగం చేసే మా కోడలు టీవీలో ఏదో సీరియల్ చూస్తుంటే, మొగుణ్ణి వదిలేసిన ఆ పిల్ల మొహం నాకెందుకు చూపిస్తావు, ఆపెయ్యమంటూ రిమోట్ లాక్కున్నాను.

"మొదట్నుంచీ చూశారా అత్తయ్యా?" అంది.

చూడలేదు. రిమోట్ దాని చేతిలో పెట్టి, చాట తెచ్చుకుని పక్కన కూర్చున్నాను.