విత్తనానికి ఉంచని దుంపలు

మా ఆవిడ పోయాక పదకొండు రోజులు మా పెరట్లోకి ఎవరూ దిగలేదు. మైలలో మొక్కల్ని ముట్టుకుంటే మాడిపోతాయని మా వైపు నమ్మకం. నేను నమ్మి ఆగానని చెప్పలేను. ఇంటికి వచ్చిన పెద్దవాళ్ళు వద్దన్నారు, ఎదురు చెప్పే ఓపిక నాకు లేదు.

పెరట్లో పద్దెనిమిది బంగాళాదుంప మొక్కలున్నాయి. కార్తీకంలో ఆవిడ నాటినవి. తెనాలి నల్లమట్టిలో దుంప ఊరదని అందరూ అంటే, ఇసుకా చివికిన పేడా కలిపి బోదెలు పోసింది. మొదటిసారి వంటింట్లో మొలకెత్తిన బజారు దుంపలే నాటింది. పంటలో మంచివి ఏరి, ఎండాకాలమంతా కుండలో పొడి ఇసుక పోసి దాచేది. సగం కుళ్ళిపోయేవి. మిగిలినవి మళ్ళీ నాటేది. అలా ఇది మూడో పంట. బజారులో దొరికేదానికి ఇంత శ్రమ ఎందుకని నేను పుస్తకం మీంచి తల ఎత్తకుండా అడిగాను ఒకసారి. "లైబ్రరీలో దొరికే పుస్తకాలు మీరెందుకు కొంటారు?" అంది.

రోజూ పొద్దున్నే ఆకులు తిప్పి అడుగు భాగం చూసేది. మచ్చ కనిపిస్తే అప్పుడే తుంచి, చెత్తబండికి ఇచ్చేది. నీళ్ళు మొక్క మొదట్లోనే పోసేది, అదీ పొద్దుటి పూటే. ఆకు తడిసినా పొద్దుగూకేలోపు ఆరిపోవాలనేది. ఇవన్నీ నేను విన్నాను. నేర్చుకోలేదు.

పెద్దకర్మ అయ్యాక ఆవిడ అక్కగారు, అంటే నాకు వదినగారు, బాపట్ల వెళ్ళిపోతూ గుమ్మం దగ్గర ఆగారు. "మరిదిగారూ, దుంపలు తవ్వాక విత్తనానికి నాలుగు నాకు ఉంచండి. దాని చేతి విత్తనం మా పెరట్లోనూ ఉండాలి." అలాగేనన్నాను. మాట ఇచ్చాక ఆ మొక్కల్ని బతికించుకోవాలన్న పట్టుదల నాకూ వచ్చింది.

ఆ సాయంత్రం చూస్తే మొక్కలు వాడి ఉన్నాయి. ఇన్నాళ్ళూ వదిలేశానన్న బాధతో పైపు పెట్టి, ఆకుల మీద దుమ్ము పోయేదాకా నీళ్ళు కొట్టాను. నాలుగు సాయంత్రాలు అలాగే చేశాను. మంచు కురుస్తున్న రోజులు. పొద్దున పదింటికి కూడా ఆకులు తడిగానే ఉండేవి. ఐదో రోజు ఆకుల అంచున ఉడికినట్టు నల్లటి మచ్చలు కనిపించాయి. తిప్పి చూస్తే అడుగున తెల్లటి బూజు.

ఒక ఆకు కవర్లో వేసుకుని పురుగుమందుల కొట్టుకి వెళ్ళాను. కొట్టాయన చూసి, "ఆకుమాడు తెగులు. ఎన్ని ఎకరాలండి?" అన్నాడు.

"ఎకరాలు కాదండి. పద్దెనిమిది మొక్కలు."

"పద్దెనిమిదా! మందెందుకు సార్, ఒక్కోదాన్నీ పేరెట్టి పిలిస్తే సరిపోద్ది."

అప్పుడు నా గుండు చూశాడు. గొంతు తగ్గించి, "ఎన్నిటికి పట్టిందండి?" అన్నాడు.

"అన్నిటికీ."

"మందు ముందే కొట్టుంటే మంచి ఆకుని కాపాడేదండి. పట్టిన ఆకుని ఏ మందూ బాగుచెయ్యదు. కాడలు నేలమట్టానికి కోసి బయట పారేయించండి. రెండు వారాలాగి తవ్వండి, ఈలోపు తోలు గట్టిపడుద్ది. బాగున్నయ్యి తినొచ్చు. విత్తనానికి మాత్రం ఉంచొద్దు. పైకి బాగానే ఉంటది, లోపలుంటది. వచ్చే ఏడు టమాటాక్కూడా పాకుద్ది."

కొడవలితో పద్దెనిమిదీ కోశాను. అరగంట పని. మధ్యాహ్నమంతా పట్టింది.

రెండు వారాలకి తవ్వితే ఒక బక్కెట్ దుంపలు వచ్చాయి. మచ్చలున్న ఐదింటిని పారేశాను. మిగిలినవి నున్నగా ఉన్నాయి. కొట్టాయన మాట తెలిసీ, ఎనిమిది దుంపలు ఏరి కుండలో ఇసుక పోసి దాచాను. రెండు రోజులు అలాగే ఉంచాను. మూడో రోజు మనసొప్పక ఒకటి తీసి కోశాను. తోలు కింద తుప్పు రంగు చార. తక్కినవాటిలో ఏది మంచిదో పైకి చూసి చెప్పలేను.

అన్నీ సంచిలో వేసుకుని బాపట్ల రైలెక్కాను.

వదినగారు సంచి విప్పీ విప్పగానే నాలుగు దుంపలు పక్కకి తీశారు.

"వదినగారూ, అవి కూరకండి. విత్తనానికి పనికిరావు."

"ఎందుకు రావు? గుడ్డులా ఉంటేనూ!"

"లోపల తెగులుండొచ్చండి. మీ టమాటాకీ అంటుకుంటుంది."

"ఇవ్వడానికి మనసు రాలేదని చెప్పండి, పోనీ. తెగులని వంకలెందుకు?"

ఎవరికీ చెప్పని మాట ఆవిడకి చెప్పాను. "సాయంత్రాలు ఆకుల మీద నీళ్ళు కొట్టింది నేనేనండి. మీ చెల్లెలు ఎప్పుడూ అలా చేసేది కాదు."

ఆవిడ చేతిలో దుంప కింద పెట్టారు. "పదకొండు రోజులు పెరట్లోకి ఎవర్నీ దిగనివ్వంది నేను," అన్నారు.

ఎవరి తప్పు ఎంతో మేం తేల్చుకోలేదు. ఆవిడ కత్తిపీట వాల్చుకుని, ముందు ఆ నాలుగే చెక్కు తీశారు. మూడోదానిలో చార కనిపించింది. నా వైపు తిప్పి చూపించి, అంతమేరా కోసేసి, మిగిలింది ముక్కలు చేశారు.

"తొక్కలు పెరట్లో వెయ్యకండి," అన్నాను.

"తెలిసింది లెండి," అంటూ కవర్లో వేసి ముడేశారు.

వేపుడు బాగుంది. నాకు రెండోసారి వడ్డిస్తూ, "వచ్చే కార్తీకానికి మంచి విత్తనం ఎక్కడ దొరుకుద్దో కనుక్కోండి. రెండిళ్ళకీ," అన్నారు.