పిండిమరలో కొబ్బరి చిప్ప

నా చిన్నప్పుడు మా ఊళ్లో పిండిమర ఉండేది కాదు. చీపురుపల్లి వెళ్లే దారిలో పక్క ఊళ్లో ఒకటుండేది. చోళ్లయినా గంట్లయినా, అంటే రాగులైనా సజ్జలైనా, నెత్తిన పెట్టుకుని అక్కడిదాకా నడవాల్సిందే. మర ఆయన డబ్బులు అడిగేవాడు కాదు. ఆడిన పిండిలోంచి ఒక కొబ్బరి చిప్పెడు తీసుకునేవాడు, అదే కూలి. మా తాతయ్య వెనకాల వెళ్లి ఆ చిప్పని నేను ఎన్నోసార్లు చూశాను. మా సంచిలో అది మునిగి లేచినా పిండి తగ్గినట్టే ఉండేది కాదు. అందుకే దాని గురించి నాకెప్పుడూ ఏ ఆలోచనా రాలేదు.

ఒకసారి వరసలో మా ముందు పక్కింటి అక్క నిలబడింది. మొగుడు పోయి ఏడాది తిరగలేదు, ఇద్దరు పసిపిల్లలు. కూలికెళ్లిన చోట కొలిచిన గంట్లు తవ్వెడు గిన్నెలో తెచ్చుకుంది. ఆ పూటకి ఆ ఇంట్లో అంబలి కాగాలంటే అవే ఆధారం. మర ఆడింది. ఆయన అందరికీ ముంచినట్టే ఆమె గిన్నెలోనూ చిప్ప ముంచాడు. గిన్నె అడుగున చిప్ప బరబరా గీసిన చప్పుడు వినపడింది. పైకి లేచాక చూద్దును కదా, సగం పిండి లేదు. ఎవరైనా ఏదైనా అంటారేమోనని చుట్టూ చూశాను. ఎవరూ ఏమీ అనలేదు. అక్క మిగిలిన పిండి మీద కొంగు కప్పుకుని వెళ్లిపోయింది.

తాతయ్య కూడా నోరు మెదపలేదని నాకు కోపం వచ్చింది. దారిలో అడిగితే, "సూసేను గదరా" అన్నాడు, అంతే.

మళ్లీ మరకి వెళ్లినరోజు అక్క గుమ్మం దగ్గరే కనపడింది. తాతయ్య మా సంచి మూతి విప్పి, "నీ గింజలు ఇందులో వొంపీ, అమ్మీ. తర్వాత కొలుసుకుందాం" అన్నాడు. ఆమె మొహమాటపడుతుంటే తనే గిన్నె అందుకుని వొంపేశాడు. మర ఆయనకి సంగతి అర్థమైంది. ఎవరు తెచ్చినా రాయి తిరగడం ఒకటే, నా ఖర్చు ఒకటే అని గొణిగాడు. అదీ నిజమే. కానీ సంచి ఒకటైనప్పుడు చిప్ప కూడా ఒకటే, ఏం చేస్తాడు. తాతయ్య అక్కకి తవ్వ నిండుగా, పైన గోపురం కట్టి మరీ పిండి కొలిచి ఇచ్చాడు.

అయితే తాతయ్య చూసుకోని సంగతి ఒకటుంది. మావి చోళ్లు, ఆమెవి గంట్లు. వాసన పట్టేసిన నాన్నమ్మ, ఇదేం పిండని ఆయన్ని ఆ వారమంతా సాధించింది. ఆ అంబలి తాగుతూ ఆయన నాతో, "సిప్ప అందరికీ ఒకటేరా. గిన్నెలు ఒకటి కావు" అన్నాడు. మా ఊరి ఆడవాళ్లు ఆ తర్వాత గింజలు కలుపుకునే మరకి వెళ్లడం మొదలుపెట్టారు, కాకపోతే ఎవరివేవో అడిగి మరీ.

ఆ అక్క ఇప్పుడు బాగా ముసలిదైపోయింది. చీపుళ్లు కట్టి అమ్మిన డబ్బులు కొంచెం కొంచెం బ్యాంకులో వేసుకుంటోంది, కళ్లజోడు కోసమని. మొన్న తోడు రమ్మంటే ఆటోలో ఇద్దరం వెళ్లాం. కౌంటరు దగ్గరి అబ్బాయి కంప్యూటర్‌లో చూసి, అంత డబ్బు లేదన్నాడు. మినిమం బ్యాలెన్స్ లేనందుకు నెలనెలా చార్జీ పడిందట. నాకు మతిపోయింది. మరి ఎక్కువున్న వాళ్లకి ఎంత పడుతుందని అడిగాను.

"వాళ్లకేం పడదండి. బ్యాలెన్స్ ఉంటుంది కదా" అన్నాడు. మర్యాదగానే అన్నాడు, పాపం.

అక్కకి చెవిలో విడమరిచి చెప్పాల్సొచ్చింది. విని, "ఆ పిండిమరోడైనా మీ సంచిలో కూడా సిప్ప ముంచేవోడు గదరా" అంది.

చార్జీల్లేని ఖాతా కూడా ఉందనీ, అడిగితే మారుస్తామనీ ఆ అబ్బాయే చెప్పాడు. అడగాలని ఈవిడకి ఎవరు చెప్పారు బాబూ అంటే ఫారం తీసి నా ముందు పెట్టాడు. ఖాతా మార్పించి, కళ్లజోడుకి తగ్గింది నేను కలిపాను. అక్క వద్దంది. మీ నాన్నమ్మ లేదు కదా సాధించడానికి అని చివరికి నవ్వి తీసుకుంది. పోయిన డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

ఇంటికొచ్చి నా ఖాతా చూసుకున్నాను. పింఛను పడే ఖాతా, ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. ఆ చార్జీ ఒక్కసారి కూడా పడలేదు. గిన్నె అడుగున చిప్ప గీసిన చప్పుడు చిన్నప్పటి నుంచీ నా చెవుల్లోనే ఉంది. అదే చప్పుడు ఇన్నేళ్లుగా పక్కింట్లో అవుతుంటే నాకు వినపడలేదు. ఇప్పుడు బ్యాంకుకి వెళ్తే వరసలో నా ముందున్న వాళ్లని, మీది ఏ ఖాతా అని అడగకుండా ఉండలేకపోతున్నాను.