నీలం దారం కోడిపిల్ల

మా దొడ్డి రెండు రాజ్యాలు. మడులు, పాదులు, పందిళ్లు నావి. గూడు, గంప, కోళ్లు మా ఆవిడవి. సరిహద్దు ఎక్కడన్నది పెళ్లయిన నాటి నుంచీ తేలలేదు. నా వంగ మొక్కల మొదళ్లలో ఆవిడ కోళ్లు గోకుతాయి. వాటి మీద నేను కొబ్బరి డొక్క విసురుతాను. ఆవిడ నా వైపు ఒక చూపు విసురుతుంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఈ తగువు సెలవు రోజుల్లోనే జరిగేది. రిటైరయ్యాక నేను రోజూ దొడ్లోనే ఉంటున్నాను కాబట్టి తగువు కూడా రోజూ ఉంటోంది.

నేను సైన్సు మాస్టారిని. రాజోలు చుట్టుపక్కల హైస్కూళ్లలో ముప్పై ఏళ్లు, విత్తనం ఎలా మొలకెత్తుతుందో బొమ్మ గీసి మరీ చెప్పాను. పాఠం చెప్పిన నాకంటే పదో తరగతితో చదువు ఆపేసిన మా ఆవిడ చేతి గింజే బాగా మొలుస్తుంది. ఇది నాకు నచ్చదు. నచ్చదని ఒప్పుకోవడానికి కూడా ఇన్నేళ్లు పట్టింది.

ఆవిడ పద్ధతి ఇది. నాలుగైదు బెండకాయల్ని కొయ్యకుండా మొక్క మీదే ముదిరి ఎండిపోనిస్తుంది. గింజలు ఒలిచి, పొయ్యిలో బూడిద పట్టించి, గాజు సీసాలో పోసి అటక మీద పెడుతుంది. చలి తగ్గి మామిడి పూత కనిపించగానే సీసా దించి నా చేతికిస్తుంది. నేను మడి తవ్వి, పశువుల ఎరువు కలిపి, గింజలు వేస్తాను. మర్నాడు పొద్దున్నే ఆవిడ కోడిపిల్లల్ని ఆ మడిలోకి తోలుతుంది. తల్లి లోతుగా గోకుతుందని దాన్ని పక్కనే గంప కింద మూసి, పిల్లల్ని మాత్రమే వదులుతుంది. అవి పైపైన గోకి చీమల్ని, ఎరువులో వచ్చిన పురుగుల్ని ఏరుకు తింటాయి. బూడిద పట్టిన గింజ ముక్కుకి తగిలితే విదిలించి పారేస్తాయి. మా ఆవిడకి వాళ్లమ్మ నేర్పిన పని ఇది. పెళ్లయిన కొత్తలో నేను పడీపడీ నవ్వాను. తర్వాత చూస్తే చీమలు గింజలు ఎత్తుకుపోవడం నిజంగానే తగ్గింది. పైకి మాత్రం, అది ఎరువు మహిమ అన్నాను.

ఈ ఏడాది జనవరిలో ఆవిడ గుడ్లు పొదగేసేనాటికి, కాకినాడలో ఉంటున్న మా అమ్మాయికి మూడో నెల. నిరుడు కూడా ఇలాగే కబురొచ్చింది. మేం సంబరపడుతుండగానే నాలుగో నెలలో కడుపు పోయింది. అమ్మాయి నెల తిరక్కుండానే ఆఫీసుకు వెళ్లిపోయింది గానీ, తల్లి మాత్రం తేరుకోలేదు. వంట చేస్తూ చేస్తూ గరిటె పట్టుకుని నిలబడిపోయేది. అందుకే ఈసారి పదమూడు గుడ్లు గంపలో సర్ది, ఉరుములకు గుడ్లు మురిగిపోకుండా ఒక ఇనప మేకు పక్కన పెట్టి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. జనవరిలో ఉరుములెక్కడివని అడగబోయి మానేశాను.

కళ్లు తెరిచి, "ముందు బయటికొచ్చిన పిల్ల దేవుడిదండి. కోతపండక్కి చర్చిలో ఇచ్చేద్దామండి. అప్పటికి అమ్మాయి ఒళ్లో బిడ్డ ఉంటాదండి" అంది.

కోతపండుగంటే మా చర్చిలో ఎవరి పంటలో మొదటిది వాళ్లు తెచ్చి దేవుడి ముందు పెట్టడం. వరి కంకులు, కొబ్బరి గెలలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు. ఆరాధన అయ్యాక అన్నీ వేలం వేస్తారు. ప్రసంగం సగంలో లేచిపోయేవాళ్లు కూడా ఆ వేలానికి కదలకుండా కూర్చుంటారు.

"దేవుడికి కోడెందుకే?" అన్నాను.

"మీకు ఆదివారం కోడికూరెందుకండి?" అంది.

ఇరవై ఒకటో రోజుకి పదకొండు పిల్లలు లేచాయి. ముందు వచ్చింది గోధుమ రంగుది, వీపు మీద రెండు నల్లచారలు. కుట్టుమిషను పెట్టెలోంచి నీలం దారం తీసి దాని కాలికి వదులుగా కట్టింది మా ఆవిడ. కాలు లావయ్యేకొద్దీ దారం విప్పి మళ్లీ కట్టేది. రోజూ సాయంత్రం ఐదింటికి అమ్మాయికి ఫోను చేసి ముందు ఆ పిల్ల ఎన్ని నూకలు తిందో చెప్పేది, తర్వాత నువ్వేం తిన్నావని అడిగేది. అమ్మాయి విసుక్కునేది కాదు. ఒక్కోరోజు తనే ముందు అడిగేది, "నీలందారం ఎలాగుందమ్మా?" అని. నేను పక్కన కూర్చుని పేపరు చదువుతున్నట్టు నటించేవాణ్ణి. నాకూ ఆ పిల్లంటే ఇష్టమే. నా చెప్పు మీదెక్కి నిద్రపోయేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే నేను చెయ్యకూడని పని చేశాను.

రాజోలులో విత్తనాల కొట్టు నా పాత శిష్యుడిది. ఆ దారిన వెళ్తుంటే పిలిచి, కుర్చీ తుడిచి, కొబ్బరి బొండం కొట్టించి ఇచ్చాడు. "ఈ బెండ వేసి చూడండి మాస్టారండీ. మొక్క మొక్కకీ కాపు విరగకాసుద్దండి. మీ దొడ్లో కాసేక ఊరంతా వచ్చి అడుగుతారండి" అన్నాడు. పొట్లం నా చేతిలో పెడుతూ, "మందు పట్టించిన గింజండి, వేసేక చేతులు సబ్బుతో కడుక్కోండి" అని కూడా చెప్పాడు. ఆయ్ అన్నాను. కానీ నా బుర్రలో ఊరంతా వచ్చి అడగడమే తిరుగుతోంది.

ఇంట్లో చెప్పలేదు. ఆవిడ దించి ఇచ్చిన సీసాను మళ్లీ అటక మీద వెనక్కి తోసేసి, ఆవిడ చర్చిలో స్త్రీల కూడికకు వెళ్లిన మధ్యాహ్నం చూసి మందుకి గులాబీ రంగు తిరిగిన ఆ గింజల్ని మడిలో వేశాను. కాపు మొదలయ్యాక చెబుదామని. "ఈ ఏడు నా గింజలు ఇలా కాసేయేంటండీ" అని ఆవిడ ఆశ్చర్యపోతుంటే, అప్పుడు తీరిగ్గా పొట్లం చూపిద్దామని. ఒక్కసారి, ఒక్క బెండకాయ విషయంలో, ఆవిడ మీద గెలవాలనిపించింది.

మర్నాడు పిల్లల్ని తోలుతుందని నాకు తెలియక కాదు. అల్లవరంలో రొయ్యల చెరువులున్న మా తోడల్లుడు ఇచ్చిన పాత వల ఉంది. పొద్దున్నే మడి మీద కప్పేసి, పందికొక్కుల కోసమని చెబుదామనుకున్నాను. తీరా పొద్దున్న, రిటైరైన మాస్టార్ల మీటింగు సంగతి గుర్తొచ్చింది. చొక్కా తొడుక్కుని తాటిపాక ఆటో ఎక్కేశాను. వల చుట్ట చుట్టినట్టే వసారాలో ఉంది.

మధ్యాహ్నం వచ్చేసరికి మా ఆవిడ దొడ్లో నేల మీద కూర్చుని ఉంది. చుట్టూ పిల్లలు రెక్కలు వేలాడేసుకుని, మెడలు వాల్చి ఉన్నాయి.

"కొక్కెర తెగులొచ్చేసిందండి" అంది. పసుపు నీళ్లు, ఉల్లిపాయ రసం చుక్కలు చుక్కలుగా నోట్లో పోస్తోంది. సాయంత్రానికి మూడు పోయాయి. తెల్లవారేసరికి ఇంకొకటి. నీలందారం మాత్రం పొద్దెక్కేదాకా ఆవిడ ఒళ్లో కొట్టుకుని కొట్టుకుని పోయింది. దాని ముక్కు పక్కన చిన్న గులాబీ మరక నాకు కనపడింది. వెళ్లి చూస్తే మడి అంతా గోకి ఉంది. చూరులో దోపిన పొట్లం తీసి వెనక వైపు చదివాను. ప్రశ్న రెండుసార్లు చదవండిరా అని ఎన్ని బ్యాచుల పిల్లలకో చెప్పినవాణ్ణి, ఆ నాలుగు లైన్లు ఒక్కసారి కూడా చదవలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. పొట్లం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను. మిగిలిన ఆరింటినీ గూట్లోంచి కదలనివ్వొద్దని చెప్పి, మడి మీద వల కప్పాను.

ఆవిడ ఐదింటినీ కొబ్బరి చెట్టు మొదట్లో తనే పూడ్చింది. చేతులు కడుక్కుంటూ, నా వైపు చూడకుండా, "దేవుడు వద్దన్నాడండి" అంది.

అప్పుడే చెప్పెయ్యాలి. ఆవిడ మొహం చూస్తే సిగ్గు అడ్డొచ్చింది. రేపు చెబుదాంలే అనుకున్నాను.

ఆ రేపు రాలేదు. ఆ మాట దాచినకొద్దీ బరువెక్కింది. పక్కింటి వదినగారు వచ్చి, "గిట్టనోళ్లెవరో ఏదో పెట్టేసుంటారండి" అంటే, గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అడక్కుండానే కొక్కెర తెగులు లక్షణాలన్నీ వరసగా చెప్పడం మొదలెట్టాను. అది గాలి ద్వారా ఎలా వస్తుందో, ఎన్ని గంటల్లో చంపుతుందో. నేను చదువుకున్న సైన్సంతా నా అబద్ధానికి కాపలా పెట్టాను. మా ఆవిడ వింటూ తల ఊపుతోంది. నా మాట నమ్మింది. ఆవిడ ఎప్పుడూ నా మాట నమ్ముతుంది, అది నాకు ఆ రోజే అర్థమైంది.

ఆ సాయంత్రం నుంచి అమ్మాయికి ఫోను చెయ్యడం మానేసింది. ఐదింటికి అమ్మాయే చేస్తే ఫోను తెచ్చి నా చేతిలో పెట్టేది. "నా గొంతు వింటే పట్టేస్తదండి. మీరే మాటాడండి" అనేది. స్నానానికెళ్లిందనో, చర్చికెళ్లిందనో నేను చెప్పేవాణ్ణి. అన్నం కలిపేది, రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసేది.

నాలుగో రోజు అమ్మాయి ఫోనులో మెల్లగా అడిగింది.

"నాన్నగారండీ, నీలందారం ఏమైందండి?"

నేను ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"అమ్మ నాతో మాటాట్లేదంటే ఏదో అయ్యిందండి. నాకు నాలుగో నెలొచ్చిందండి. పగలంతా ధైర్యంగానే ఉంటానండి. అమ్మ కూడా భయపడిపోతే నేనెవరికి చెప్పుకోవాలండి?"

రేపు అమ్మే ఫోను చేస్తుందమ్మా అని పెట్టేశాను. నా గెలుపు సరదా ఎంతదూరం వెళ్లిందో అప్పుడు తెలిసింది. ఐదు కోడిపిల్లల దగ్గర ఆగలేదు. కాకినాడలో నా కూతురి దాకా వెళ్లింది.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ వెనక మెట్టు మీద కంచం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మిగిలిన ఆరు పిల్లలూ గూటి తడికెలోంచి అరుస్తుంటే వాటికేసి చూస్తోంది, తినడంలేదు. నేను కింది మెట్టు మీద కూర్చుని, పొట్లం తీసి పక్కన పెట్టాను.

"ఏంటండిది?"

"చదువు."

కళ్లజోడు లేకపోవడంతో దూరంగా పట్టుకుని, కూడబలుక్కుంటూ చదివింది. మందు పట్టించిన విత్తనాలని, మనుషులు తినరాదని, పశువులకూ కోళ్లకూ అందకుండా ఉంచాలని. చదవడం అయిపోయినా పొట్లం దించలేదు.

"మడిలో ఉన్నవి నీ గింజలు కావు. ఇవి. నేనే వేశాను. నువ్వు పిల్లల్ని తోలతావని తెలిసి కూడా వల కప్పకుండా వెళ్లిపోయాను. కొక్కెరా కాదు, ఏమీ కాదు."

"నా గింజలేమయ్యేయండి?"

"అటక మీద ఉన్నాయి."

"ఎందుకేసేరండి ఇవి?"

"నీకంటే బాగా కాయిద్దామని."

కంచం పక్కన పెట్టేసింది. మా పెళ్లయ్యాక ఆవిడ గొంతు అంత పైకి లేవడం నేనెరగను. "ఐదు రోజులండి. ఐదు రోజులు నేను దేవుణ్ణి అనని మాట లేదండి. నా బిడ్డనేం చేస్తావని అడిగేనండి. మోకాళ్ల మీదే ఉన్నానండి. మీరు పక్కన కూర్చుని పేపరు చదువుకున్నారండి" అంది. నేను తల వంచుకుని ఉన్నాను. తిట్టనీ అనుకున్నాను. ఇంకా తిట్టినా బాగుండుననిపించింది.

ఉన్నట్టుండి ఆగింది. పొట్లాన్ని మళ్లీ ఒకసారి చూసింది.

"అయితే మీరేనాండి?"

"నేనే."

"నిజంగా మీరేనాండి? నా మనసు కుదుటపడాలని అంటన్నారా?"

"కాదే. నా మీద ఒట్టు. నేనే."

ఆవిడ మొహం అప్పుడు ఎలా మారిందంటే, నాకు భయం వేసింది. ఏడుస్తోందనుకున్నాను. ఏడుస్తూనే నవ్వుతోంది. కొంగు నోటికడ్డం పెట్టుకుని, "దేవుడు కాదన్నమాటండి. దేవుడేం అన్లేదండి. మీరేనండి, మీరే" అంటూ నా భుజం మీద పొట్లంతోనే రెండు దెబ్బలు వేసింది. నా కళ్లల్లోనూ నీళ్లొచ్చాయి. అంత క్షమాపణకు నేను తగను, పైగా ఆవిడ క్షమిస్తున్నానని అనలేదు కూడా.

ఎడం చేత్తో ఫోను తీసింది. ఇంకా రెండైనా కాలేదు, అమ్మాయి ఆఫీసులో ఉంటుందన్నాను. వినిపించుకోలేదు. కుడి చేతికి మెతుకులు ఎండిపోయి ఉన్నాయి.

"అమ్మా, నేనేనమ్మా. ఏం లేదమ్మా, అంతా బాగుందమ్మా" అంటూ ఊపిరి పీల్చుకుని, పండగ కబురు చెప్పినట్టు చెప్పింది. "నీలందారాన్ని మీ నాన్నగారు చంపేసేరమ్మా."

అవతల అమ్మాయి ఏదో అడిగింది.

"ఆయ్, ఆయనేనమ్మా. దేవుడు కాదు, నాన్నగారే."

అలా మూడుసార్లు చెప్పింది. ఫోనులో కనపడదని తెలిసినా, మూడుసార్లూ నేను పక్కనుంచి అవునని తల ఊపాను.