నక్క కాలు, సాలమాండర్ కాలు

ఎర్రగుంట్ల దగ్గర మా ఊరి బడిలో నేను సైన్సు చెబుతాను. ఆ వారం రెండు జంతువులను పోల్చి చూపే పాఠం ఉంది. పిల్లలకు తెలిసినదొకటి, తెలియనిదొకటి ఉండాలని మా చేలల్లో తిరిగే గుంటనక్కనూ, మెక్సికోలో నీళ్లలో బతికే ఆక్సోలోటల్ అనే సాలమాండర్‌నూ ఎంచుకున్నాను. పంచలో కూర్చుని చార్టు మీద బొమ్మలు వేస్తుంటే మా అన్న పక్కనే మంచం మీద ఉన్నాడు. సిమెంటు లారీ నడిపేవాడు. ముందటి ఏడు ప్రమాదం జరిగి, కుడికాలు మోకాలి కింద తీసేశారు.

“బల్లి మాదిరి ఉండాదే, ఏందమ్మీ అది?”

“బల్లి కాదన్నా, కప్పలకు దగ్గరిది. కాలు తెగినా దానికి మళ్లా మొలుస్తాది, వేళ్లతో సహా.”

అన్న చాలాసేపు ఆ బొమ్మనే చూశాడు. “మరి నక్కకు?”

“నక్కకు యాడ మొలుస్తాది? అదీ మన మాదిరే,” అనేసి నాలుక కరుచుకున్నాను.

మరునాడు పొద్దున్నే వదిన చేని నుంచి రొప్పుతూ వచ్చింది. “ఉచ్చులో నక్క పడిండాది!”

ఆ ఉచ్చులు అన్నవే. అడవిపందులు వేరుశనగ చేను తవ్వేస్తున్నాయి. చంకకర్రలతో కావలి కాయలేక, తనే మంచం మీద కూర్చుని తీగతో ఉచ్చులు చేసి, వదిన చేత గట్టు వెంట కట్టించాడు.

ముగ్గురం వెళ్లాం. తీగ నక్క ముందరి కాలి ఎముక దాకా దిగి ఉంది. అది అరవడం లేదు, మా వంకే చూస్తోంది. వదిన దాని మీద గోనెసంచి కప్పి అదిమి పట్టుకుంది. నేను తీగ కత్తిరించాను. సంచి తీయగానే మూడు కాళ్ల మీద లేచింది, పడింది, మళ్లీ లేచి పక్కనున్న కంది చేలోకి దూరింది.

“అన్ని ఉచ్చులూ తీసేయండి,” అన్నాడు అన్న.

“చేను పోతే ఏం తింటాం?” అంది వదిన. “నక్క కాలికి ఇంత బాధ పడతాండావు. నీ కాలు పోయినప్పటి నుంచి ఈ ఇల్లు మోస్తాండేది ఎవరు?”

అన్న కర్రలు పక్కన పడేసి, నేల మీద కూర్చుని, జరుగుతూ జరుగుతూ ఒక్కో ఉచ్చూ విప్పసాగాడు. కాసేపు చూసి, వదిన కూడా అవతలి కొస నుంచి విప్పడం మొదలుపెట్టింది, ఏడుస్తూనే.

ఆ ఏడు సగం చేను పందుల పాలైంది. వదిన ఇప్పుడు నాపరాళ్ల ఫ్యాక్టరీలో కూలికి పోతోంది. నక్క బతికిందో లేదో మాకు తెలియదు. పెట్టుడు కాలు కొలతలకు కడపకు పోదాం రమ్మంటే అన్న “సూద్దాంలే” అంటాడు. నేను అడుగుతూనే ఉన్నాను. వదిన అడగడం మానేసింది.