వెయ్యిలో ఒక్క పేరు

నేను కథలు అమ్మి బతికినవాణ్ణి. సూరత్ రింగ్ రోడ్‌లో ఒక శేఠ్ చీరల దుకాణంలో తెల్లపరుపు మీద కూర్చుని చీర మడత విప్పడం, విప్పుతూ దానికో పుట్టుక కల్పించడం నా ఉద్యోగం. ఈ రంగు ఒక రాణిగారి ఓణీ చూసి తీసింది. ఈ అంచు గీసిన కళాకారుడు గీత పూర్తికాగానే చూపు పోగొట్టుకున్నాడు. నిజానికి అవన్నీ మా గల్లీ వెనక కార్ఖానాలో నేసిన పాలియెస్టర్లే. వరంగల్ వ్యాపారికి తెలుగులోనూ ఇండోర్ వ్యాపారికి హిందీలోనూ ఒకే చీరకు రెండు జాతకాలు చెప్పేవాణ్ణి, ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నా సరే. అలాంటివాడు చెబుతున్నాడు కాబట్టి ఇది నమ్మకపోయినా నాకేమీ బాధ లేదు. దీన్ని కాస్త అందంగా మలుద్దామని చాలాసార్లు చూశాను. కుదరలేదు.

మేం మగ్గాల పేట లింబాయత్‌లో ఉండేవాళ్ళం. ఒక గది, ముందు రేకుల కింద వంట. వెనక గోడకు అవతల పవర్‌లూమ్ కార్ఖానా. మగ్గాలు ఆగకుండా నడిచేవి. మేకుకు తగిలించిన దువ్వెన కూడా వాటితోపాటు ఊగేది. ఆ చప్పుడులో మామూలు మాట వినబడదు కనుక మా గల్లీలో అందరూ ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట పట్టుకునేవాళ్ళు. నాలాంటివాడికి అది పెద్ద ఇబ్బంది. గొణిగినా దొరికిపోతాం.

మా ఆవిడది సిరిసిల్ల వైపు. గడప దగ్గర కూర్చుని, చీరల వెనక వేలాడే పోగులు కత్తిరించేది. ఒకరోజు ఆమె కోసం మార్కెట్‌లో సినిమా పాటల క్యాసెట్ కొనుక్కొచ్చాను. లోపల టేపు మారిపోయింది. మీట నొక్కగానే ఎవరో ఒకావిడ సంస్కృతంలో మొదలుపెట్టింది.

"ఏందయ్యా గిది? డ్యూయెట్లంటివి, స్తోత్రమొస్తున్నది."

"డ్యూయెట్టే. జర ఆగు, దేవుడు గూడ అందుకుంటడు."

"తప్పు తప్పు, లెంపలేసుకో ముందు!"

అది అమ్మవారి వెయ్యి పేర్ల స్తోత్రం. తిరిగిచ్చేసి వస్తానంటే వద్దంది. టేప్‌రికార్డర్ చెవి పక్కనే పెట్టుకుని, పోగులు కత్తిరిస్తూ రోజూ అదే విన్నది. ఐదో తరగతితో ఆగిన చదువు, ఒక్క ముక్కకు అర్థం తెలియదు, అయినా చెవితో మొత్తం పట్టేసింది. క్యాసెట్‌లో ఆవిడ నిదానంగా చదివితే, మా ఆవిడ గోడ అవతలి మగ్గం వేగానికి చదివేది. పేక దారాన్ని మోసే నాడె అటు కొట్టుకుంటే ఒక ముక్క, ఇటు కొట్టుకుంటే ఒక ముక్క. వారానికోసారి కరెంటు సెలవు వచ్చి మగ్గాలు ఆగితే, మొదలుపెట్టి రెండు లైన్లలో తడబడి నవ్వేసేది.

"చప్పుడు లేకపోతే నోరు తిరుగుతలేదయ్యా."

చదవడం అయిపోయాక కాసేపు ఆమె ముఖం చూడాలి. కడిగి ఆరబెట్టినట్టుండేది. ఆ కాసేపట్లో నేను ఎంత పెద్ద కోత కోసినా కోప్పడేది కాదు. నాకు సంబంధించినంతవరకు అమ్మవారి మహిమ అదే.

పెళ్ళైన చాలా రోజులకు కడుపు పండింది. ఏడో నెలలో ఒక మధ్యాహ్నం, కత్తెర పక్కన పెట్టి అంది:

"పేరు దొరికింది."

"ఏంది?"

"చెప్ప. వెయ్యిట్ల ఒకటి."

"ఆడపిల్లే అని నీకెవరు చెప్పిన్రు?"

"నాకెరికె. తొట్టెల నాడు దాని చెవుల జెప్త. అందరికంటె ముందు దానికే తెల్వాలె. నీకు జెప్తే రేపటికి ఆ పేరు మీద చీరలమ్ముతవ్."

అన్యాయంగా ఏమీ అనలేదు. నిజంగానే అమ్మి ఉండేవాణ్ణి. రోజుకో పేరు పెట్టి "ఇదేనా?" అని వేధించేవాణ్ణి. పెదవి కొరుక్కుని తల అడ్డంగా ఊపేది. గల్లీలో ఎవరికీ చెప్పలేదు. పక్కింటి అవ్వ బతిమాలినా చెప్పలేదు.

ఆడపిల్లే పుట్టింది. పేరు పెట్టే తొట్టెల వేడుక ఇంకా వారం ఉందనగా, పొద్దున్నే తల పగిలిపోతోందంది. టీ గ్లాసు అందిస్తే కుడిచేయి పట్టలేకపోయింది. గ్లాసు కింద పడ్డాక నా వైపు తిరిగి ఏదో అనబోయింది. మూతి ఒక పక్కకు జారింది. ఆమె పెదవులు చూసి మాట పట్టుకుందామనుకున్నాను. అక్కడ మాట లేదు.

ఆసుపత్రిలో బతికించారు. కాన్పు తర్వాత కొందరికి మెదడు నరాల్లో రక్తం గడ్డకడుతుందని చెప్పారు. ఇంటికి తెచ్చుకున్నాం. కుడిచేయి ఒళ్ళో పడుంటుంది, నోట్లోంచి "ఆ" అన్న ఒక్క శబ్దం. ఆకలికీ అదే, నొప్పికీ అదే, పిల్ల ఏడిస్తే అదే. ఎడమచేతికి పలక ఇస్తే గీతలు గీసింది. రాత కూడా మాటతోపాటే పోతుందట.

అప్పుడు ఒకరోజు, కరెంటు పోయి మళ్ళీ వచ్చింది. గోడ అవతల మగ్గాలు ఒక్కసారిగా అందుకున్నాయి. నేను బయట పిల్ల గుడ్డలు ఉతుకుతున్నాను. ఆ చప్పుడు మీదుగా లోపలినుంచి స్తోత్రం లీలగా వినబడింది. క్యాసెట్ ఎవరు పెట్టారా అని తొంగిచూస్తే, పిల్లను ఎడమచేతి మడతలో పెట్టుకుని మా ఆవిడ చదువుతోంది. ముక్కముక్కా స్పష్టంగా, నత్తి లేకుండా, మూతి వంకర కూడా కనబడకుండా.

సబ్బు చేతులతోనే ఎదురుగా కూలబడ్డాను. "మాటొచ్చిందానే? పేరేంది? పిల్ల పేరు జెప్పు!"

ఆగిపోయింది. నోరు తెరిచింది. "ఆ... ఆ..." అంది. పిల్లను చూసింది, నన్ను చూసింది. కళ్ళ నిండా నీళ్ళు. ఆమెకేం కావాలో నాకు తెలుసు, నాకేం కావాలో ఆమెకు తెలుసు. ఇద్దరి మధ్యా "ఆ" తప్ప ఏమీ లేదు.

సాయంత్రానికి గల్లీ అంతా గడప ముందుంది. పక్కింటి అవ్వ కొంగు నడుముకు చెక్కి తీర్పు చెప్పేసింది.

"అమ్మవారు వచ్చి కూసున్నది కొడుకా. మనుషుల మాటలు తీసేసి, తన పేర్లే ఉంచుకున్నది."

"పిల్ల పేరు గూడ తనే ఉంచుకున్నదా అవ్వా?"

"అట్లనకు. కండ్లు వోతయ్."

శుక్రవారం వస్తే కొబ్బరికాయలు, గాజులు, పసుపు. ఆడవాళ్ళు మా ఆవిడ కాళ్ళకు మొక్కి, పరీక్షలూ కాన్పులూ చెప్పుకునేవాళ్ళు. ఆమె కాళ్ళు వెనక్కి లాక్కునేది. వద్దని చెప్పడానికి మాట లేదు. కొబ్బరి తినీ తినీ నాకే దేవతనన్న అనుమానం వచ్చిందని దుకాణంలో చెప్పి నవ్వించాను. ఇంటికొచ్చి, ఒకసారి, అమ్మవారి పటం ముందు నిలబడి గట్టిగానే అడిగాను. నీకు వెయ్యి పేర్లున్నాయి, మాకొక్కటి ఇయ్యడానికి నీ సొమ్మేం పోయింది? చప్పుడులో ఎవరికీ వినబడలేదు. మా ఆవిడ నా పెదవులు చూసి తల దించుకుంది.

ఆసుపత్రిలో నరాల డాక్టరు గుజరాతీ మనిషి. హిందీలో, నిదానంగా చెప్పాడు. అప్పటికప్పుడు అల్లుకునే మాటకు మెదడులో ఒక చోటు ఉంటుంది, అది దెబ్బతిన్నది. కంఠతా వచ్చినవి, పాటలు, ప్రార్థనలు, చాలాసార్లు వేరేచోట బతికి ఉంటాయి. తాళం తోడైతే ఇంకా తేలిగ్గా బయటికి వస్తాయి.

"అయితే సాబ్, అందులోంచి ఒక్క పేరు తియ్యాలంటే?"

"మధ్యలో ఎక్కడం తనవల్ల కాదు. ఎక్కితే మొదటినుంచీ పోవాల్సిందే."

మగ్గం బీము మీద చుట్టిన పడుగు దారంలాగన్నమాట. మధ్య పోగు కావాలని లోపల వేలు పెట్టలేం. ఆయన లేవబోతూ ఇంకోటి అడిగాడు. "తిట్టేదా నిన్ను?"

"రోజూ సాబ్."

"తిట్లు కూడా ఒక్కోసారి మిగుల్తాయి. చూడు."

చూశాను. చెప్పులు పొయ్యి పక్కన పెట్టాను. చాయ్‌లో ఉప్పు పోసి ఇచ్చాను. పిల్లకు నా బనీను తొడిగి తలకిందులుగా ఎత్తుకున్నాను. సగం ముఖంతో నవ్వేది. ఒక్క తిట్టయినా రాలేదు. నన్ను తిట్టే మనిషి లేని ఇల్లు ఎంత పెద్దదో అప్పుడు తెలిసింది, ఒక్క గదే అయినా.

తర్వాత స్తోత్రం పుస్తకం కొన్నాను. ఒక్కో పేరూ చదివి "ఇదేనా?" అని అడగాలని నా పథకం. మొదటి పేరుకే తల ఊపింది! ఎగిరి గంతేశాను. అనుమానం వచ్చి రెండోది చదివాను. ఊపింది. మూడోదానికీ ఊపింది. పుస్తకం మూసి, "పాలియెస్టర్ అని పెడదామా?" అన్నాను. ఊపింది. "రింగ్ రోడ్?" ఊపింది. ఇద్దరం నవ్వాం. నవ్వుతుండగానే ఆమెకు ఏడుపొచ్చింది, ఎందుకంటే ఔననీ కాదనీ వేరుచేసి చెప్పడం కూడా తన చేతిలో లేదని ఆమెకు తెలుసు.

పిల్లను అందరూ పాప అనేవాళ్ళు. తొట్టెల చెయ్యమని అవ్వ పోరుపెట్టేది. వాళ్ళమ్మ చెప్పాల్సిన మాటను నేనెలా చెప్పను?

పిల్లకు పళ్ళొస్తున్న రోజుల్లో సూరత్‌కు ప్లేగు వచ్చింది. మూతులకు రుమాళ్ళు కట్టుకుని జనం రైళ్ళకు వేలాడుతూ పారిపోయారు. అవ్వ కూడా ఊరికి పోయింది. పోతూ పిల్లను తీసుకుపోతానంది. వాళ్ళమ్మ చెయ్యి వదల్లేదు. ఆమెను ఆ రైళ్ళలో ఎక్కించలేక మేం ఉండిపోయాం. కార్ఖానా మూతపడింది. మగ్గాలు లేని సూరత్‌ను అప్పుడే చూశాను. గోడమీది దువ్వెన కదలకుండా ఉంది. మా ఆవిడ స్తోత్రానికి నోరు తెరిచేది, మొదలయ్యేది కాదు.

వాచ్‌మన్‌ను అడిగి కార్ఖానాలోంచి ఒక నాడె తెచ్చాను. ఇనుప పెట్టె మీద కొట్టడం మొదలుపెట్టాను, అటొక దెబ్బ, ఇటొక దెబ్బ. ఆమె నన్ను వింతగా చూసింది. పెదవులు కదిలాయి. వచ్చింది.

అప్పుడు బుద్ధి పుట్టింది. మగ్గాన్ని నెమ్మది చెయ్యమని కార్ఖానా శేఠ్‌ను అడగలేను కానీ, ఈ మగ్గం నాదే కదా. దెబ్బ నిదానం చేశాను. ఆమె కూడా నిదానించింది. ఇంకా నిదానం. ఇన్నాళ్ళూ ఒకదాన్నొకటి తోసుకుంటూ పరిగెత్తిన పేర్లు విడివిడిగా వచ్చాయి, ఒక్కోటీ మా గదిలో నిలబడి ఊపిరి తీసుకుంటున్నట్టు. నేను ఆమె ముఖం మీంచి చూపు తిప్పలేదు. పిల్ల ఆమె ఒళ్ళో కొంగు నములుతోంది. ఎండ గడప దాటి లోపలికొచ్చింది. ఎన్ని పేర్లు గడిచాయో తెలియదు. ఒక పేరు దగ్గర ఆమె ఆగింది.

ఆగి పిల్లను చూసింది.

అదే క్షణంలో నా చేతివైపు చూసుకున్నాను. నాడె గాలిలో ఉంది. నేనూ కొట్టడం ఆపాను. నా మణికట్టు అప్పటికే లాగుతోంది. ఆమె ఆగిందని నా చెయ్యి ఆగిందా, నా చెయ్యి ఆగిందని ఆమె ఆగిందా? పిల్లను చూసిందంటే, ఎప్పుడూ చూస్తూనే ఉంటుంది.

మళ్ళీ మొదటినుంచి కొట్టాను. ఈసారి చెయ్యి ఆపలేదు. ఆ పేరు మీంచి ఆమె అన్నిటిలాగే దాటిపోయింది. మర్నాడూ అంతే. ఆ తర్వాత ఎన్నడూ అక్కడ ఆగలేదు.

జనం తిరిగొచ్చి మగ్గాలు మొదలయ్యాక తొట్టెల చేశాం. పిల్లను వాళ్ళమ్మ మొహం దగ్గర పెట్టి, ఆమె బదులు నేనే పిల్ల చెవిలో ఆ పేరు చెప్పాను. మా ఆవిడ నా పెదవులనే చూస్తోంది. నేనేమన్నానో ఆమెకు తెలుసు. తల ఊపింది. అవ్వ, "చూసినవా, ఒప్పుకున్నది!" అని చప్పట్లు కొట్టింది. నేనూ పళ్ళికిలించాను. పాలియెస్టర్‌కు ఊపిన తల సంగతి అవ్వకు చెప్పలేదు.

తర్వాత రెండేళ్ళు ఉంది. మెదడులో రక్తపు గడ్డలు మళ్ళీ వచ్చాయి. చివరి రోజుల్లో స్తోత్రం కొసనుంచి ఊడిపోవడం మొదలైంది. ముగింపు పోయింది, తర్వాత దానికి ముందున్నవి. ఏ రోజు ఎక్కడ ఆగుతుందో తెలియదు. పనికి ఆలస్యమైనా సరే, ఆ పేరు దాటిందాకా కూర్చుని వినేవాణ్ణి. దాటగానే లేచి చెప్పులేసుకునేవాణ్ణి. ఒకరోజు దాటలేదు. ఇంకా చాలా ముందే నోరు మూసుకుంది. మగ్గాలు మాత్రం కొట్టుకుంటూనే ఉన్నాయి. ఆ తర్వాత వానాకాలంలో ఆమె పోయింది.

మా అమ్మాయి ఇప్పుడు సూరత్ పక్కనే కామ్‌రేజ్‌లో ఉంటుంది. బడిలో, బ్యాంకులో, అత్తగారింట్లో అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు. నేను బిడ్డా అంటాను. ఫోన్లో కూడా అంతే.

"నాయనా, ఒక్కసారన్న పేరు పెట్టి పిలవరాదా?" అంటుంది.

ఏదో ఒక కోత కోస్తాను. జ్యోతిష్యుడు వద్దన్నాడనో, ఆ పేరు గల శేఠాణీకి బాకీ ఉన్నాననో. నవ్వి ఊరుకుంటుంది. ఆ పేరు పలకాలని చూడకపోలేదు. నాలుక దాకా వస్తుంది. అది వాళ్ళమ్మ ఇచ్చిందో, నా చెయ్యి అలసి ఇచ్చిందో తెలియనిదే పిలవబుద్ధి కాదు. ఇక్కడ రాయనిదీ అందుకే.