బానెట్ మీద రెండు అరచేతులు

పోయిన నెలలో మా మేనల్లుడు తన కొత్త కారులో నన్ను అరకు తీసుకెళ్ళాడు. కరెంటుతో నడిచే కారు. ఘాట్ ఎక్కుతుంటే ఇంజిను మూలుగు లేదు, గేరు మార్చిన కుదుపు లేదు, తడి రోడ్డు మీద టైర్ల చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. అనంతగిరి చేరకముందే మంచు కమ్మేసి, మిట్టమధ్యాహ్నం లైట్లు వేసుకోవలసి వచ్చింది. ఒక నిటారు మలుపు దగ్గర వాడు కారు పక్కకు తీసి ఆపి, దిగి, అక్కడ పసుపు కుంకుమలు పూసిన ఒక రాతి ముందు కొబ్బరికాయ కొట్టాడు. ఆ నీళ్ళు కాసిని బానెట్ మీద చల్లి, రెండు అరచేతులూ దానికి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. మాకు ముందు ఆగిన రెండు కార్ల వాళ్ళూ మంచులో అలాగే చేతులు ఆనించి నిలబడి ఉన్నారు.

ఇదేమిట్రా అని అడిగాను. "ఏమో మావయ్యా, అందరూ పెడతారు. పెట్టకపోతే పైన బండి ఆగిపోద్దంట" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. ఆ మలుపులో మొదట బానెట్ మీద చేతులు ఆనించిన మనిషిని నేను చూశాను. వీడి తండ్రీ చూశాడు.

ఇది పాతికేళ్ళ కిందటి మాట. అప్పుడు నేను ఒక దినపత్రికకు ఎస్.కోటలో విలేకరిని. మా అక్క ఇల్లూ ఆ ఊళ్ళోనే. బావకు ఘాట్ రోడ్డు మొదట్లో ఒక రేకుల షెడ్డు ఉండేది. ఆయన కార్ల ఎలక్ట్రీషియను. ఆ రోజుల్లో ఖరీదైన కారు స్టార్టు కాకపోయినా, నడుస్తూ నడుస్తూ ఎగశ్వాస తీసినా, విశాఖపట్నంలో కంపెనీ వాళ్ళు చేతులెత్తేశాక చివరికి బావ దగ్గరికే వచ్చేది. ఆయన మనిషి కాస్త వింత. బండి వచ్చిన వెంటనే చెయ్యి పెట్టేవాడు కాదు. ముందు డ్రైవరును కూర్చోబెట్టి టీ ఇప్పించి, బండి ఎప్పుడు ఆగింది, అప్పటికి ఎంత ఎత్తు ఎక్కింది, వాన ఉందా, ఏం వాసన వచ్చింది అని రోగిని వైద్యుడు అడిగినట్టు అడిగేవాడు. ప్లగ్గు దగ్గర పుట్టే నిప్పు కూడా పశువులాంటిదే అనేవాడు ఆయన. తన దారి తనకు ఉన్నంతసేపూ బుద్ధిగా వెళుతుంది, పక్కన కంచె విరిగిందా, అటే దూకుతుంది.

ఆ ఏడాది వానాకాలంలో ఒక వార్త ఘాట్ పొడవునా పాకింది. అరకులో హోటలు కట్టుకున్న మైదానపు వ్యాపారి ఒకాయనకు వెండి రంగు విదేశీ కారు ఒకటి ఉండేది. అది సరిగ్గా ఆ మలుపులో ఆగిపోతోంది. ఒకసారి కాదు, వరసగా నాలుగుసార్లు. వణికి, రెండు మూడు దగ్గులు దగ్గి, చచ్చిపోతుంది. మలుపు పక్కన, రోడ్డుకు నాలుగడుగుల ఎత్తున, ఒక గిరిజన ముసలమ్మ గుడిసె ఉంది. వెనక గూడెం నుంచి విడిగా, ఒంటరిగా ఉండేది. దారిన పోయేవాళ్ళకు అల్లం, పనసకాయలు అమ్మేది. కారు ఆగిన ప్రతిసారీ ఆమె మంచులోంచి చప్పుడు కాకుండా దిగి వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా, రెండు అరచేతులూ బానెట్ మీద పెట్టి నిలబడేదట. చాలాసేపు. ఆమె చేతులు తీసి గుడిసెలోకి వెళ్ళాక తాళం తిప్పితే కారు ఏమీ జరగనట్టు కదిలేదట.

ఆ కారు డ్రైవరు మా అక్కకు తోడికోడలి తమ్ముడు. అతనే నాకు ఇదంతా చెప్పాడు. చెబుతుంటే అతని ముంజేతి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం నా కళ్ళతో చూశాను. ఆమె చేతులు తీశాక తడి బానెట్ మీద రెండు చిన్న చేతుల అచ్చులు పొడిగా, తెల్లగా మిగిలేవట. ఎడమ చేతికి చిటికెనవేలు సగమే ఉండేదట.

నేను కొండెక్కలేదు, ఆమెను చూడలేదు, ఒక్క మాట అడగలేదు. షెడ్డులో బల్ల మీద కూర్చుని గంటలో వార్త రాసి పంపేశాను. స్థానికులు ఇలా అనుకుంటున్నారు, డ్రైవర్లు భయపడుతున్నారు అని రాస్తే అది మన మాట కాకుండా పోతుందని మా వృత్తిలో ఒక నమ్మకం. డెస్కు వాళ్ళు దానికి 'మలుపులో మాయ' అని పేరు పెట్టి, జిల్లా పేజీలో పైన వేశారు. ఆ రోజు చాలామంది భుజం తట్టారు. నేనూ పొంగిపోయాను.

వారం తిరగకుండా ఆ పేజీ సంతకు చేరింది. టీకొట్టు దగ్గర ఎవరో చదివి వినిపించారు. అప్పటిదాకా గూడెం వాళ్ళకు ఆ ముసలమ్మ మీద ఏ అనుమానమూ లేదు. కార్లు ఆపుతోందన్న మాట వాళ్ళకు కింది నుంచే, అచ్చయి కొండెక్కింది. అదే వారం గూడెంలో ఒక బిడ్డకు జ్వరం తగిలి తగ్గలేదు. చిల్లంగి, ముసలమ్మ చేతబడి చేసింది అన్న మాట పుట్టింది. వచ్చే సంతకు ముందు రోజు పెద్దలు కూర్చుంటారని, ఆమెను కొండ దింపేస్తారని, మాట వినకపోతే పళ్ళు రాలగొడతారని డ్రైవరే వచ్చి చెప్పాడు. అవి ఉత్త మాటలు కావని నాకు తెలుసు. అలా పళ్ళు పోగొట్టుకున్న ఒక ఆడమనిషి గురించి అంతకు రెండేళ్ళ ముందు రాసింది నేనే.

రాత్రి అన్నం దగ్గర బావకు చెప్పాను. ఆయన ముద్ద ఆపి, నా ముఖంలోకి చూసి, "ఏటి రాశావు, ఏటి సేశావు?" అని మాత్రం అన్నాడు. మర్నాడు పొద్దున్నే కారు షెడ్డుకు తెమ్మని వ్యాపారికి కబురు పెట్టాడు.

మూడు రోజులు ఆ కారు షెడ్డులోనే ఉంది. ఆరు ప్లగ్గులూ తీసి చూశాడు. ప్లగ్గులకు నిప్పు అందించే కాయిలు విశాఖలో అప్పటికే మార్చారు, ఆయన మళ్ళీ మార్చి చూశాడు. కంపెనీ వాళ్ళ పరీక్ష యంత్రం అడిగి తెప్పించి తగిలిస్తే దానికి ఏ తప్పూ కనపడలేదు. తాళం తిప్పగానే ఇంజిను పిల్లిలా గుర్రుమంటోంది. ఒక్కడే ఘాట్ మీదకు తీసుకెళ్ళాడు, ఆ మలుపులోనే ఆపి మళ్ళీ కదిలించాడు. ఏమీ కాలేదు. గుడిసె ముందు ఆమె మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని చూస్తూ ఉందట, దిగి రాలేదట. ఆ సాయంత్రం చేతులు కడుక్కుంటూ బావ కూడా కొంచెం తగ్గిన గొంతుతో, బండిలో ఏమీ లేదురా అన్నాడు. ఆయన నోట ఆ మాట నేను ఎప్పుడూ వినలేదు. నేను రాసిందే నిజమేమోనన్న ఆలోచన, సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఒక్క క్షణం నాకు ఊరట ఇచ్చింది.

పెద్దలు కూర్చునే రోజు వచ్చింది. బావ డ్రైవరును పిలిచి, నువ్వు ఎప్పుడూ ఎలా వెళతావో అలాగే నడుపు, ఒక్కటీ మార్చకు అని చెప్పి, వెనక సీట్లో నన్ను పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. ఘాట్ మొదట్లో అమ్మవారి గుడి దగ్గర డ్రైవరు ఆపాడు. అందరూ ఆపుతారు. కొబ్బరికాయ కొట్టి బానెట్ మీద నీళ్ళు చల్లి వెళతారు. అయితే ఇతను బానెట్ ఎత్తాడు, ఇంజిను మీది నల్లటి మూత ఊడదీశాడు, ఆ మలుపు భయంతో కాబోలు, కాయ నీళ్ళు మొత్తం భక్తిగా, వరసగా, ఆరు ప్లగ్గుల మీదా పోశాడు. మూత బిగించి కళ్ళకద్దుకున్నాడు. బావ నా మోకాలు గట్టిగా నొక్కాడు. డ్రైవరును మాత్రం ఆపలేదు.

మలుపు రాగానే కారు వణికింది. బయట పాలు పోసినట్టు మంచు. ఆగిపోనీయకుండా ఎక్సలేటరు తొక్కి పట్టుకోమని డ్రైవరుకు అరిచి, బావ దిగి బానెట్ ఎత్తి మూత తీశాడు. అప్పటికే ఆమె వచ్చి నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో మా ఇద్దరిలో ఎవరమూ చూడలేదు. బావ తన చుట్టూ వెతికి, చివరికి ఆమె ఒంటి మీది నల్ల కంబళి వైపు చూసి చెయ్యి చాపాడు. ఆమె తీసి ఇచ్చింది. ఆ కంబళిని ఇంజిను మీద గుడారంలా కప్పి, నా మెడ పట్టి తలతో సహా లోపలికి లాగాడు.

ఆ చీకట్లో చూసింది నేను మరచిపోలేను. ప్లగ్గుల వైర్ల మీద, రబ్బరు తొడుగుల చుట్టూ సన్నని నీలి నిప్పు పాకుతోంది. ప్రాణం ఉన్నట్టు, దారి వెతుక్కుంటున్నట్టు, తడి మీద నుంచి ఇనుము మీదకు చిటపటమంటూ దూకుతోంది. కాలిన కొబ్బరి వాసన. పాత నీళ్ళు ఎండిన చోట, షెడ్డులో మామూలు మరకలే అని వదిలేసిన నత్త నడిచినట్టున్న చారలు, వాటి మధ్య మాడిన నల్లటి గీతలు. ఈ నిటారు ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిను మీద బరువు పడగానే ప్లగ్గు లోపలికి వెళ్ళవలసిన నిప్పు ఈ తడి దారిన బయటికి పోతోంది. బండి చస్తోంది. గంటసేపు ఆగితే ఇంజిను వేడికి ఆ తడి ఆరి, తనంతట తనే బతుకుతోంది. మొదటిసారి ఘాట్ భయంతో, తర్వాత ఈ మలుపు భయంతో పోసిన నీళ్ళే కారును ఈ మలుపులో ఆపుతున్నాయి.

గూడెం పెద్ద, ఇంకో నలుగురు రోడ్డు మీదకు వచ్చి దూరంగా నిలబడ్డారు. బావ పెద్దను పిలిచి కంబళి కిందకు తల పెట్టించాడు. ఆయన చాలాసేపు చూసి బయటికి వచ్చాడు.

"మరయితే ముసల్ది సేతులెట్టి ఏటి సేసినట్టు?"

"సలి కాసుకుంది" అన్నాడు బావ. "వేడి ఇంజినున్న బండి ఇంటి ముందు ఆగితే నువ్వు కాసుకోవా?"

పెద్ద ఆమె వైపు తిరిగి వాళ్ళ భాషలో ఏదో అడిగాడు. ఆమె సగం వేలున్న చెయ్యి ముందుకు చాపింది. నీలంగా, బిర్రబిగుసుకుని ఉంది. ఆయన తల వంచేశాడు.

డ్రైవరుకు మాత్రం మనసు ఒప్పలేదు. "అమ్మోరి నీళ్ళండీ, అయ్యి సెడు సేత్తాయేటి?" అన్నాడు ఏడుపు గొంతుతో.

"అమ్మోరు బానెట్ మీద సల్లమందిరా గుంటడా. ఇంజినుకి తలంటు పొయ్యమని ఏ అమ్మోరు సెప్పింది నీకు?"

గూడెం వాళ్ళు పగలబడి నవ్వారు. ఆ రోజు పెద్దలు కూర్చోలేదు. బావ వైర్లన్నీ మార్చాడు. ఆ కారు మళ్ళీ ఆగలేదు.

నేను ఆ రాత్రే అసలు సంగతి వివరంగా రాసి పంపాను. నాలుగు రోజుల తర్వాత లోపలి పేజీలో, ధాన్యం ధరల కింద, ఆరు లైన్లు వచ్చాయి. సంతలో ఎవరూ దాన్ని చదివి వినిపించలేదు. కార్లు ఆ మలుపు దగ్గర అద్దాలు ఎత్తుకుని వేగం పెంచేవి. ఆమె దగ్గర ఎవరూ అల్లం కొనలేదు. మరుసటి ఎండాకాలానికి గుడిసె ఖాళీ. ఒడిశా వైపు చుట్టాల దగ్గరికి వెళ్ళిందన్నారు, వెళ్ళడం చూసినవాళ్ళు మాత్రం దొరకలేదు. నేను రెండుసార్లు వెతుక్కుంటూ వెళ్ళాను. రెండోసారి గుడిసె కూడా లేదు, పొయ్యి రాయి ఒకటి మిగిలింది. ఆ రాతికే ఎవరో పసుపు పూశారు.

బావ పోయి ఆరేళ్ళు. ఈ సంగతి ఆయన ఇంట్లో ఎప్పుడూ ఎత్తలేదు. నా పరువు కాపాడడానికే అయి ఉంటుంది. షెడ్డు ఉన్న చోట ఇప్పుడు కార్లకు కరెంటు ఎక్కించే స్తంభాలు పాతారు. మేనల్లుడి కారులో ప్లగ్గులు లేవు, కాయిలు లేవు, దారి తప్పడానికి నిప్పే లేదు. భయం మాత్రం, అది ఎక్కడ పుట్టిందో తెలియకుండానే, చేతులు చాపి నిలబడి ఉంది.

నేను కూడా దిగి, వాడి పక్కన నిలబడి, రెండు అరచేతులూ బానెట్ మీద ఆనించాను. "బేగి రా మావయ్యా, మంచు పెరుగుతోంది" అంటున్నాడు వాడు. నేను చేతులు తియ్యలేదు. ఇన్ని కొండలెక్కి వచ్చిన ఆ కారు బానెట్ మంచుగడ్డలా చల్లగా ఉంది. ఇప్పుడు ఆమె దిగి వచ్చినా కాసుకోవడానికి ఏమీ లేదు.